తల్లి చెప్పిన ప్రకారం

మా అత్తకు తిన్నగా మాట్లాడడం చేతకాదు. వాకిట్లో కూర్చుని శెనక్కాయలు వొలుస్తుంటే దారిన పోయేవాళ్ళు "ఏమక్కా, కాయలు వొలుస్తాండావా?" అని పలకరించేవాళ్ళు. "లేదు, ముత్యాలు గుచ్చుతాండా" అనేది. బస్సు దిగి వచ్చిన చుట్టాన్ని "యాడిదాకా వచ్చినావప్పా, ఇల్లు గుర్తుందా?" అని అడిగేది. పెద్దకడుబూరు పక్కన మా ఊళ్ళో ఆమె మాటను తిరగేసి అర్థం చేసుకోవాలని పసిపిల్లలకు కూడా తెలుసు. ఎమ్మిగనూరు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఎకసెక్కాలకు నేను ఏడ్చాను. తర్వాత నాకూ ఆ విద్య పట్టుబడింది. ఆదోని ఆస్పత్రిలో ఆ విద్య ఎవరికీ రాదు.

నా సంగతీ చెప్పాలి. నాకు అనుమానం ఎక్కువ. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. షావుకారు తూచి ఇచ్చిన నూలును ఇంటికి తెచ్చి మళ్ళీ తూచుకునేవాడు. తేడా వచ్చినా రాకపోయినా తూచేవాడు. ఆ బుద్ధే నాకు వచ్చింది. పదో తరగతి దాకా చదివాను కనుక ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. అర్థం కావడం వేరే సంగతి.

ఎనభైల మొదట్లో, పత్తికి మందు కొట్టే కాలంలో మా చిన్నపాపకు జ్వరం వచ్చింది. అప్పటికి దానికి రెండేళ్ళు నిండలేదు. ఊళ్ళో సూదులు వేసే ఆయన వేశాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ కాలిపోయింది. పాలు తాపితే పాలు, నీళ్ళు తాపితే నీళ్ళు కక్కేసింది. అత్త వాము, సొంటి నూరి బెల్లం వేసి కషాయం కాచి ఇచ్చింది. నేను ఒళ్ళో పడుకోబెట్టుకుని తాపాను. అదీ నిలవలేదు. తెల్లారేసరికి పాప ఒళ్ళు బిగిసిపోయి కళ్ళు పైకి తేలేసింది. నా భర్త బండి కట్టి రోడ్డుదాకా తెచ్చాడు. అక్కడ పాపతో బస్సెక్కి అత్తా, ఆయనా, నేనూ ముగ్గురం ఆదోని చేరాం. దారి పొడుగునా పాప ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చున్నాను.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరు కోస్తా వైపు మనిషి. వయసు తక్కువ, మాట మెత్తన, ఓపిక అంతంతమాత్రం. పాపను చూస్తూనే ఒక చేత్తో రాసుకుంటూ ప్రశ్నలు వేశాడు.

"ఏం పట్టించారమ్మా?"

మాకు పట్టించడమంటే మరలో పిండి పట్టించడం, తలకు నూనె పట్టించడం. తెల్లబోయి చూశాను.

"తాగటానికి ఏమిచ్చారు?" అన్నాడు మళ్ళీ.

"మందు తాపినాం సార్. కక్కింది."

"ఏం మందు?"

చెప్పబోతున్నాను. అంతలో పాప మళ్ళీ బిగుసుకుంది. నాకు లోకం కనపడలేదు. దాన్ని పట్టుకుని ఉండిపోయాను. డాక్టరు గొంతు పెంచాడు. "ఇంట్లో ఏం మందు ఉందమ్మా? చెప్పరేం?"

నా భర్త చీటీ రాయించడానికి పోయాడు. అత్త నా వెనకే నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. మనవరాలి నోట నురగ చూసి చూసి ఉంది. "సేన్లకు కొట్టే మందు తప్ప మా ఇండ్లల్లో ఇంగేం మందుంటాది సామీ" అంది.

మందులూ మాకులూ మా ఇంట్లో ఎక్కడివయ్యా, ఉంటే నీ దగ్గరకెందుకు వస్తాం అని దానర్థం. మా ఊళ్ళో అయితే ఎవరో ఒకరు నవ్వి ఊరుకునేవాళ్ళు. ఇక్కడ డాక్టరు కలం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గబగబా కదిలింది. నేను పాప ధ్యాసలో ఉన్నాను, ఆ మాటను పట్టించుకోలేదు.

వార్డులో పాప ముక్కులోంచి కడుపులోకి గొట్టం దించారు. నీళ్ళు పోశారు, తోడారు, మళ్ళీ పోశారు. బిడ్డ గొంతు పూడుకుపోయేట్టు ఏడ్చింది. జ్వరమని తీసుకొస్తే కడుపు కడగడమేమిటని నాకు అక్కడే మొదటి అనుమానం. సిస్టరును అడిగాను. "డాక్టరుగారు రాశారు" అంది. తోడిన నీళ్ళను సీసాలో పోసి దాచారు. ఎందుకని అడిగాను. "రాశారు" అంది. పాలు ఇవ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అదీ రాసి ఉందట.

ఆ రాసింది ఎక్కడుందో కనపడుతూనే ఉంది. మంచం కాళ్ళ దిక్కున అట్టకు క్లిప్పు పెట్టి తగిలించారు. కేసు షీటు అంటారు. నేను అటు వంగితే సిస్టరు వచ్చి దాన్ని తిప్పి పెట్టింది. "మీరు చూడరాదు" అంది. నా బిడ్డ మంచానికి తగిలించిన కాగితం, నా బిడ్డ సంగతే రాసి ఉన్న కాగితం, నేను చూడకూడదట.

కొంచెంసేపటికి ఆమే వచ్చి మా మూట విప్పమంది. అందులో జొన్నరొట్టె, చెట్నీ పొడి, పాపకు రెండు గౌన్లు ఉన్నాయి. అన్నీ దులిపి చూసి, నీళ్ళ చెంబు వాసన చూసింది. పక్క మంచం వాళ్ళ మూట జోలికి మాత్రం పోలేదు. పక్క మంచం మీద ఆదోనిలో పరుపులు కుట్టే సాయిబు కొడుకు ఉన్నాడు. ఒళ్ళంతా ఉబ్బి ఉంది. ఆ పిల్లవాడి తల్లి ఇదంతా చూసి నా దగ్గరకు జరిగింది.

"మీ మీద ఏందో షక్ పడినారక్కా" అంది నెమ్మదిగా.

"ఏం షక్కు?"

"నాకేం తెల్సు? ఆ కాగితం మనకు గాదు. వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకునేది."

ఇంతలో డాక్టరు నా భర్తను ఒక్కడినే వరండాలోకి పిలిచాడు. తిరిగి వచ్చిన మనిషి ముఖం వేరుగా ఉంది. నా పక్కన కూర్చోకుండా కిటికీ దగ్గర నిలబడ్డాడు. తర్వాత దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"అటకమీద డబ్బా మూత నువ్వు తీసినావా?"

"ఏం డబ్బా?"

"పత్తికి కొట్టేది."

"నాకేం పని దాంతో?"

"మా యమ్మ ఏమన్నా తీసినాదా?"

"ఏందప్పా నువ్వడిగేది? తెరిచి సెప్పు."

చెప్పలేదు. "పోలీసోళ్ళకు కాగితం రాయాల్సి వస్తాదంట" అని మాత్రం అని, బీడీ ముట్టించడానికి బయటికి పోయాడు.

అప్పుడు నా బుద్ధి ఎక్కడెక్కడికి పోయిందో దాచను. కషాయం కాచింది అత్త. పొయ్యి దగ్గర నేను లేను. ఆ వంటింట్లో మధ్యాహ్నం కూడా చీకటే. వాము డబ్బా, సున్నం డబ్బా, ఇంకే డబ్బా పక్కపక్కన ఉందో? బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆ ముసలామె చేతుల వైపు చూశాను. తలెత్తితే ఆమె నా చేతుల వైపు చూస్తోంది. కాచింది ఆమె, తాపింది నేను. కొడుకు ఆమెను కూడా అడిగినట్టున్నాడు. ఏడేళ్ళు ఒకే కంచుడులో వండుకుని తిన్నవాళ్ళం, ఒకరినొకరం దొంగల్ని చూసినట్టు చూసుకున్నాం. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. దానికి తిండి పెట్టింది ఆ అట్టమీది కాగితమే. అందులో ఏముందో తెలిస్తే తప్ప మా ముగ్గురిలో ఎవరమూ మిగిలినవాళ్ళ చేతి నీళ్ళు తాగేట్టు లేము.

మధ్యాహ్నం సిస్టరు అన్నానికి పోయింది. సాయిబు భార్య లేచి, నేను అడగకుండానే వాకిలికి అడ్డంగా నిలబడింది. నేను అట్ట తీశాను.

అంతా కోడిగీతలు. ఫీవర్ అన్న మాట దొరికింది. మదర్ అని ఉంది. సెకండ్ ఫిమేల్ చైల్డ్ అని ఉంది. రెండో ఆడబిడ్డ. దాని పక్కనే, అదే వరుసలో, నేను కూడబలుక్కోవలసిన అవసరం లేని మాట ఒకటి ఉంది. పత్తి వేసే ఇంట్లో బడికి పోనివాళ్ళు కూడా ఆనవాలు పట్టే ఇంగ్లీషు మాట అదొక్కటే. మందు డబ్బా మీద పుర్రె బొమ్మ కింద ఎర్రగా ఉంటుంది. పాయిజన్. చివర ఒక ప్రశ్న గుర్తు.

రెండో ఆడబిడ్డ అన్న మాట పక్కన విషం అన్న మాట ఎందుకు రాస్తారో తెలియనంత అమాయకురాల్ని కాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా పెళ్ళినాడు పెట్టుపోతల దగ్గర మాట పడ్డప్పుడు గానీ, పెద్దపాప పుట్టినప్పుడు "మళ్ళీసారి చూద్దాంలే" అని ఊరివాళ్ళు ఓదార్చినప్పుడు గానీ అంత కోపం రాలేదు. ఈ బిడ్డ కోసం నేను మంత్రాలయం దాకా నడిచి మొక్కు తీర్చుకున్నాను. అది ఆ కాగితంలో లేదు.

అట్ట యథాస్థానంలో పెట్టి అత్త దగ్గరకు వచ్చాను. "సేనుమందు తాపినామని రాసుకున్నారత్తా. ఎవరు సెప్పినారు?"

"నేనెందుకు సెప్తా? నా నాలిక పడిపోనూ." అంతలో పొద్దుట అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. "అది ఎకసెక్కానికి అంటి గదే. ఇంట్లో మందు ల్యాదని సెప్తి. అట్లనే రాసుకుంటాడని నాకేం తెల్సు?"

నా గుండె మీంచి ఒక బండ దిగింది. ఇంకో బండ ఎక్కింది. విషం లేదు, సరే. మరి బిడ్డకున్నదేమిటి? పొద్దుటి నుంచీ లేని విషాన్ని కడుగుతున్నారు, ఉన్న జబ్బును ఎవరు చూస్తున్నారు?

సాయంత్రం డాక్టరు వచ్చేదాకా ఆగలేక, ఆయన్ను పిలవమని సిస్టరుతో పోరాను. ఆయన మాత్రం తన వేళకే వచ్చాడు. నేను మంచానికి అడ్డంగా నిలబడ్డాను.

"సార్, ఆ కాగితం సదివి సెప్పండి."

"అది మీకు కాదమ్మా."

"మా గురించే గదా రాసింది."

"మీకర్థం కాదు."

"తెలుగులో సెప్తే అర్థమవుతాది. పాయిజన్ అని రాసినారు. అది మాత్రం ఇంగ్లీషులోనే అర్థమయింది."

సిస్టరు ఏదో అనబోయింది. డాక్టరు చెయ్యెత్తి ఆపి, అట్ట తీసి, వేలు పెట్టి చూపించాడు. "మేం కల్పించింది కాదు. ఇదుగో, తల్లి చెప్పిన ప్రకారం అని రాశాను. మీరు చెప్పిందే."

"నేను సెప్పలేదు సార్. మా అత్త అనింది. ఆమె కూడా సెప్పలేదు, ఎత్తిపొడిచింది."

ఆయనకు అర్థం కాలేదు. అత్త చేతులు కట్టుకుని ముందుకు వచ్చింది. "సామీ, ఇంట్లో మందు ల్యాదనడానికి అట్లంటి. నువ్వు మా ఊరోనివైతే నగి ఊరకుందువు. నా మాట యెవరూ నిజమనుకోరు."

అంత మాత్రానికి నమ్మేస్తాడా? పోలీసుల మాట వినగానే మాట మార్చారని ఆయన అనుమానం. అది ముఖంలోనే కనిపించింది. అత్తను బయట నిలబెట్టి, ఏం కాచారో, ఏం కలిపారో నన్ను అడిగాడు. తర్వాత నన్ను బయట నిలబెట్టి ఆమెను అడిగాడు. వాము, సొంటి, బెల్లం అని ఇద్దరం చెప్పాం. బెల్లం తక్కువైందని, అది తన తప్పేనని అత్త అదనంగా ఒప్పుకుందట. అప్పుడు ఆయన పాప తల కింద చెయ్యి పెట్టి పైకెత్తాడు. మెడ వంగలేదు. తలతోపాటు వీపంతా కర్రలా లేచింది. పొద్దుట కూడా అట్లాగే ఉందా, అప్పుడు ఆయన ఎత్తి చూశాడా, చూడలేదా, నాకు తెలియదు.

ఆయన గొంతు మారింది. "వెన్నులోంచి నీళ్ళు తీసి చూడాలి" అన్నాడు.

వెన్నులో నీళ్ళు తీస్తే నడుము పడిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. బతికినవాళ్ళ సంగతి ఎవరూ చెప్పరు, పోయినవాళ్ళ సంగతి ఊరంతా చెబుతుంది. నా భర్త అడ్డం తిరిగాడు. "పొద్దుట కడుపు కడిగిరి. ఇప్పుడు ఎన్నెముకంట. నా బిడ్డ ఏమన్నా బోరింగా?" అన్నాడు. నాకూ భయమే. కానీ డాక్టరు అబద్ధం చెబుతున్నాడా అని కనిపెట్టడానికి నాకు ఒకే దారి తోచింది.

"ఏం చేస్తారో ముందు అందులో రాయండి సార్. రాసింది సదవండి. ఆ మాట మీద వేలు పెట్టి సదవండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మంచం అంచున కూర్చుని రాశాడు. పాయిజన్ అన్న వరుస మీద అడ్డంగా ఒక గీత గీశాడు. కింద కొత్తగా రాసి, ఒక్కో మాటనూ తెలుగులో చెప్పాడు. మెదడు చుట్టూ ఉండే పొరలకు చీము పట్టి ఉండవచ్చు. వెన్నునీరు తీస్తే తెలుస్తుంది. తీయకపోతే బిడ్డ దక్కకపోవచ్చు. ఆ చివరి మాట ఇంగ్లీషులో ఎక్కడుందని అడిగాను. చూపించాడు. "పెట్టు" అన్నాను నా భర్తతో. అతను సంతకం పెట్టాడు.

తీసిన నీళ్ళు డాక్టరు తెచ్చి నాకు చూపించాడు. తేటగా ఉండాలట. బియ్యం కడిగిన నీళ్ళలాగా ఉన్నాయి. ఆ సాయంత్రమే అసలు సూదులు మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఉన్న రోజులన్నీ నేను ఆ అట్టను వదల్లేదు. డాక్టరు వచ్చి రాయగానే చదవమనేదాన్ని. మొదట విసుక్కున్నాడు. తర్వాత తనే చదివి వెళ్ళేవాడు. అప్పుడూ నాకు నమ్మకం లేదు. పొడుగ్గా రాసి పొట్టిగా చదివితే, "ఇంత రాసి ఇంతే సెప్తారేంది?" అని అడిగేదాన్ని. సాయిబు భార్య కూడా "మాదీ సదవండి సార్" అంది. కొడుక్కి ఉప్పు పెట్టకూడదని అందులో మొదటినుంచీ రాసి ఉందట. ఆమె రోజూ ఇంటి నుంచి నిమ్మకాయ ఊరగాయ తెచ్చి పెడుతోంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. అత్త మాత్రం డాక్టరు ఏదడిగినా అవును, కాదు, అంతే. ఆమె నోట అంత పొదుపైన మాటలు నేను మళ్ళీ వినలేదు.

ఆ గీత గీసిన వరుసను పూర్తిగా చెరిపేయమని కూడా అడిగాను. చెరపకూడదట, గీత కింద పాత మాట కనపడుతూ ఉండాలట, పద్ధతట. రేపు ఇంకో డాక్టరు వచ్చి గీతను వదిలేసి మాటను చదివితే ఏం కాను? ఆ భయంతో కొత్త ముఖం కనిపించినప్పుడల్లా అట్ట దగ్గరకు పోయి నిలబడేదాన్ని.

జ్వరం దిగింది. పాప కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. రొట్టె అడిగింది. నా భర్త వరండాలోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చి వచ్చాడు. ఇంకో రెండు మూడు రోజుల్లో పంపిస్తామన్నారు. అప్పుడు నేను కనిపెట్టాను. ఎడమవైపు నుంచి పిలిస్తే పాప చూస్తోంది. కుడివైపు నుంచి పిలిస్తే, నేను అక్కడ లేనట్టే ఆడుకుంటోంది. డాక్టరు తాళాల గుత్తిని చెవి దగ్గర ఆడించి చూశాడు. అటూ ఇటూ మార్చి మార్చి చూశాడు. "ఈ జబ్బులో ఒక్కోసారి చెవి పోతుందమ్మా" అన్నాడు.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితాన్ని తెలుగులో రాయమన్నాను. తెలుగులో రాసే అలవాటు లేదంటూనే రాశాడు. మెదడు పొరల వాపు. నయమైంది. కుడి చెవి వినపడదు.

"ఎందుకు వినపడదో రాయండి" అన్నాను.

"జబ్బు వల్లేనమ్మా."

"జబ్బు వల్లనా? ఆ పూటంతా కడుపు కడుగుతా కూచున్నందువల్లనా?"

సిస్టరు గిరుక్కున తిరిగింది. నా భర్త నా కొంగు పట్టుకుని లాగాడు. డాక్టరు కేకలేస్తాడనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన కలం బల్లమీద పెట్టాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే నిలిచేదేమో. అయినా పోయేదేమో."

"అయితే అదే రాయండి."

మళ్ళీ కలం తీశాడు. రాయడం అయ్యాక, నేను అడగకుండానే ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాడు. "చికిత్స ఒక పూట ఆలస్యమైంది. చెవి పోవడానికి అది కారణమా కాదా తెలియదు." కింద సంతకం చేశాడు. ఆ ఆస్పత్రిలో విన్నవాటిలో నేను తూచకుండా నమ్మింది ఆ ఒక్క మాటే.

కాగితం మడిచి రవికలో పెట్టుకున్నాను. పాపను చంకకెత్తుకుని, ఎడమ చెవి నా నోటి దగ్గరికి వచ్చేట్టు సర్దుకుని, "ఇంటికి పోదాం పా" అన్నాను.